గింతే

ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల
పాత ఫ్యాన్లు, మూతుల్లేని మిక్సీల నడుమ
పండ్లు ఇకిలించుకుంట కనబడ్డది:
అల్యూమినియం దువ్వెన, ఇనుప పీట, రెండు బిగింపు కడ్డీలు.
డవ్‌టెయిల్ జిగ్గు అని నాకెర్కె.
అమ్మేటోనికెర్క లేదు.
"దేనిదో మిషిన్ల ముక్క" అన్నడు.
తొమ్మిది వందలకు తెగింది.
వాడే తీరు చెప్పే కాగితం లేదు.
దానికి దారంతోటి కట్టి ఉన్న
అగ్గిపెట్టెంత టేకు ముక్కను తెంపి
"ఇది గుడ తీస్కపో" అని చేతుల పెట్టిండు.

కవాడిగూడల నా షెడ్డు.
ఆ ముక్కను కుంటి స్టూలు కాలు కింద పెట్టిన.
సరిగ్గ సరిపోయింది.

చిక్కడపల్లి గుండీల దుకాణం జుబేదా ఆపా
ఎనిమిది సొరుగులు అడిగింది.
"లాగితే ఏడవొద్దు, మేకు కనబడొద్దు,
రంజాన్ గిరాకీ మొదలుగాక ముందే గావాలె."

ముందుపలకకు టేకు, పక్కలకు సిల్వరోక్.
భోయిగూడ అడితిల ఒక్కొక్కటి కంటికి ఆనించి,
వంకర లేనివి ఏరి తెచ్చిన.
ఒక పలకను పండవెట్టాలె, ఒకదాన్ని నిలవెట్టాలె,
కోసేటప్పుడు లోపలి మొఖం బయటికి సూడాలె.
ఇది నాకు రెండో రోజు తెలిసింది.
మొదటి రోజు కలిపి చూస్తే సొరుగు
తిరగేసి తొడిగిన అంగీ లెక్క వచ్చింది.

పావురం తోక అంటరు ఈ కీలును.
రౌటర్ మోగంగనే రేకుల మీది పావురాలన్ని లేస్తయి,
ఆపంగనే దిగి, ఏం గానట్టు గింజలేరుకుంటయి.
నా చేతుల మాత్రం ఒక్క తోక నిలవది.
బిట్టును గోరంత దించితే బిగుసుకునె,
వెంట్రుకంత లేపితే ఊగె.
సుత్తితోటి మెల్లగనే కొట్టిన,
పలక నడిమికి పగిలింది.
లింబాద్రి పొట్టు ఊదుకుంట
"అన్నా, సందుల జిగురు, పొట్టు కలిపి నింపుదమా?
ఎవలకు తెలుస్తది?" అన్నడు.
వానికి చాయ్ పైసలిచ్చి బయటికి తోలిన.

దువ్వెన నాలుగో పంటికి ఒక గాటు.
నాకంటే ముందటోడెవడో
తిరుగుతున్న రౌటర్‌ను నడుమల్నే పైకి లేపిండు.
ఆనాడు ఆనికి ఎట్ల దడుచుకుందో గుండె,
ఆ దడ నాకు పనికొచ్చింది.
మోత సచ్చేదాక రెండు చేతుల అదిమి పట్టుకున్న,
ప్రతిసారి,
నాలుగో పన్ను దాటినంక గుడ.

ఐదో రోజు పొద్దుగూకుతుంటె
లింబాద్రి స్టూలు గుంజిండు.
టేకు ముక్క దొర్లి నా కాళ్ల కాడ పడ్డది.
ఎన్నడు తిరగేసి చూడని పక్క
ఒక గాడి,
అడుగున సన్నం, లోపలికి పోంగ వెడల్పు.
పైన పెన్సిల్‌తోటి, వంకర అక్షరాలు:
"గింతే."

రౌటర్‌ను ఎల్లకిల పండవెట్టి
బిట్టును ఆ గాడిల చొప్పించి,
అడుగు తాకేదాక తిప్పి, బిగించిన.
కోసిన రెండు పలకలు సగందాక చేత్తోటి నూకితే పోయినయి,
మిగిలిన సగం అరచేతి దెబ్బకు.
టప్పుమని ఒక్క చప్పుడు.
లింబాద్రి సెల్‌ఫోన్ లైటు పట్టి సందు కోసం దేవులాడిండు.
దొరకలే.
కొంచెం నారాజ్ అయినట్టే ఉండె పోరడు.

ఎనిమిదిట్ల ఏడు మంచిగొచ్చినయి.
ఎనిమిదోదానికి నేను పొగరు మీదున్న,
ఒక మూల లేచింది. అది కిందికి పెట్టిన.

ఆపా షేర్వానీ గుండీలు పోసి లాగింది,
నూకింది, మళ్ల లాగింది.
ఏడవలే.
ముందునుంచి చూస్తే ఈ కీలు కనబడది,
లాగినప్పుడు పక్కకు వంగి చూడాలె.
ఆపా వంగలే.
జానతోటి లోతు కొలిచి
"గింతేనా?" అన్నది,
పైసలు మాత్రం పూరా ఇచ్చింది.

మళ్ల ఆదివారం ఎర్రగడ్డ పోయిన.
ఆ జాగల వేరేటోడు టీవీ రిమోట్లు పరుచుకున్నడు.
జిగ్గు అమ్మినోడు ఎటు పోయిండో తెల్వదంట,
ఆనికి అమ్మినోడెవలో అసలే తెల్వదు.

ముక్క నా అంగీ జేబుల ఉన్నది.
స్టూలు మళ్ల కుంటుతున్నది.